మార్వెట్ ఎడమ వైపు

మార్చి 29

ఓడిపోయాం. నావి ముప్ఫై ఒక్క పాయింట్లు. బస్సులో అందరూ ఏడ్చారు. నేను కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. నాకు ఏడవడానికి తీరిక లేదు.

రెండు రోజుల్లో చెప్పాలి. కాలేజీలో ఆఖరి ఏడాది కూడా బాస్కెట్‌బాల్ ఆడతానా, చదువు వదిలేసి జీతానికి ఆడే లీగుకు పేరిస్తానా అని. ఆఖరి ఆట ముగిసిన నలభై ఎనిమిది గంటల్లో తేల్చాలట. ఒకసారి పేరిస్తే కాలేజీ జట్టులోకి మళ్ళీ రానివ్వరు. లీగువాళ్ళు వద్దన్నా సరే, రానివ్వరు. ఎవడు పెట్టాడో ఈ రూలు. పాత కారు కొనేవాడికి కూడా అటూ ఇటూ తిప్పి చూసుకోవడానికి ఇంతకంటే ఎక్కువ టైమిస్తారు.

మూడో ఏడాది పిల్లలు మామూలుగా వెళ్ళడానికి లేదు. ఈ ఏడు ఇరవై రెండు నిండేవాళ్ళకే ఆ వీలు. నాకు నిండుతాయి. ఎందుకంటే హైస్కూలు అయ్యాక నన్ను ఒక్క కాలేజీ కూడా పిలవలేదు. సాగినాలో టైర్ల గోడౌన్లో ఏడాది పాటు లారీలకు టైర్లు ఎత్తాను. ఆ గోడౌన్ వెనక గోడకు ఇనుప రింగు ఒకటి ఉండేది, వల లేకుండా. నా ఆటంతా దాని దగ్గర నేర్చుకున్నదే. నేర్పినవాళ్ళు లేరు. ఎదురు ఆడినవాళ్ళూ లేరు. గోడ, నేను.

ఏప్రిల్‌లో లీగు జట్లు వంతులవారీగా, మూడు రౌండ్లలో కొత్తవాళ్ళను ఎంచుకుంటాయి. ఇప్పుడు ఏజెంట్ ఊపిరాడనివ్వడం లేదు. "మొదటి రౌండ్ చివర్లో నిన్ను తీసుకుంటారు, ట్రెనీస్. ఇది ఖాయం. ఇలా నీ పేరు మోగే రోజు మళ్ళీ రాదు."

మార్చి 30

కాలేజీ కోచ్ తన గదిలో కూర్చోబెట్టింది. టీ ఇచ్చింది. మూడేళ్ళలో ఆమె నాకు టీ ఇవ్వడం ఇదే మొదలు.

"నీ షాటు గురించి నాకు దిగులు లేదు. నీ నోటి గురించే దిగులు."

"నా నోటికేమైంది?"

"అదే, ఏమీ కాలేదు. మూడేళ్ళుగా కోర్టులో నువ్వు ఒక్క మాట అనగా నేను వినలేదు. నీ వంతు కేకలు కూడా నీ పక్కన ఆడే కోరీ వేసేది. అక్కడ కోరీ ఉండదు."

"అక్కడ బంతి రింగులో పడితే చాలు కోచ్."

"అక్కడ అందరి బంతీ రింగులో పడుతుంది, ట్రెనీస్. ఇంకొక్క ఏడాది నాకివ్వు. గొంతు తెప్పిస్తాను."

నా గొంతు కోసమట! వచ్చే ఏడాది కూడా ముప్ఫై పాయింట్లు కావాలి, అదీ సంగతి. ఆమె జీతం పెరిగినప్పుడల్లా ఆ పెంపు వెనక నా భుజాలున్నాయి. నేను టీ తాగలేదు.

మార్చి 31

అమ్మ ఫోన్.

"ఇంకొక్క ఏడాదే కదే. ఆ డిగ్రీ కాగితం చేతిలో పట్టుకుని ఎక్కడికన్నా పో."

"వచ్చే ఏడాదికి నా పేరు ఎవడికి గుర్తుంటుందమ్మా?"

"నాకు గుర్తుంటుంది."

"నువ్వేం జట్టు నడపడం లేదుగా."

"ఆసుపత్రి లాండ్రీ నడుపుతున్నా. రోగుల దుప్పట్లు ఉతికే నిన్ను ఇంత పొడుగు చేశా. కాలు విరిగితే ఏం చేస్తావ్?"

"విరగదు."

"విరిగితే అంటున్నానే మొద్దూ. విరుగుతుందని కాదు."

ఫోన్ పెట్టేశాను. పేరిచ్చేశాను. ఇచ్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాను, ఎందుకో తెలీదు.

నాకు భయం లేదు.

ఏప్రిల్ 14

మొదటి రౌండ్‌లో నా పేరు లేదు.

రెండో రౌండ్‌లో లేదు.

ఇంట్లో అందరూ టీవీ ముందు. అమ్మ వేయించిన చేపలు చల్లారిపోయాయి, ఎవరూ ముట్టుకోలేదు. టీవీలో ఆడపిల్లలు మెరిసే కోట్లు వేసుకుని స్టేజీ ఎక్కుతున్నారు, తల్లుల్ని కౌగిలించుకుంటున్నారు. ఒకత్తెకి అప్పటికే బూట్ల కంపెనీ ఒప్పందం ఉందట. దాని మీద నేను జనవరిలో ఇరవై ఎనిమిది పాయింట్లు కొట్టాను. నాకు చెమట పట్టింది. పాదాలకు కూడా.

మూడో రౌండ్‌లో, దాదాపు అందరూ అయిపోయాక, మిల్వాకీ జట్టు నా పేరు చదివింది. అమ్మ కేక వేసి సోఫా ఎక్కింది. తర్వాత ఏజెంట్ ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టమంది.

"బాబూ, ఒక్కటి చెప్పు. ఈ మూడో రౌండ్ పిల్లల్లో జట్టులో మిగిలేది ఎంతమంది?"

"అది చాలా విషయాల మీద ఆధారపడి ఉంటుందండీ."

"ఎంతమంది అని అడిగా."

వాడు ఇంకో ఫోన్ వస్తోందని పెట్టేశాడు. అమ్మ చేపల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఏప్రిల్ 27

మిల్వాకీ. హోటల్. గదిలో నాతో పాటు హాలీ ప్రూసెక్ అని నెబ్రాస్కా పిల్ల. అదీ నాలాగే కొత్తది. కోర్టులో వాగుతుంది, లిఫ్టులో వాగుతుంది, పళ్ళు తోముకుంటూ కూడా వాగుతుంది.

క్యాంప్‌కు పద్దెనిమిది మందిని పిలిచారు. ఉంచుకునేది పన్నెండు మందిని. మనిషికో ట్యాబ్ ఇచ్చారు. ఆడాల్సిన ఎత్తులన్నీ అందులోనే. ఏ రోజు ప్రాక్టీసు వీడియో ఆ సాయంత్రానికి అందులోకి వచ్చేస్తుంది.

తీసేయడం ఎలాగో హాలీ చెప్పింది. దానికెవరో పాత ప్లేయర్ చెప్పిందట. పొద్దున్నే, టిఫిన్ కంటే ముందు, అసిస్టెంట్ కోచ్ వచ్చి తలుపు తడుతుంది. 'కోచ్ పిలుస్తున్నారు, ట్యాబ్ కూడా తీసుకుని రా' అంటుంది. ట్యాబ్ తెమ్మన్నారంటే అయిపోయినట్టే. వెనక గుమ్మం దగ్గర హోటల్ వ్యాన్ నిలబడి ఉంటుంది. ఎవరికీ కనపడకుండా ఎక్కించి పంపేస్తారు.

"అందుకని కొంతమంది టిఫిన్‌కు తెల్లారకుండానే దిగిపోతారట. గదిలో లేకపోతే తట్టలేరు కదా!" అని నవ్వింది హాలీ.

నాకు నవ్వు రాలేదు. రేపు ఎన్నింటికి దిగాలా అని ఆలోచిస్తున్నాను.

ఏప్రిల్ 28

వీళ్ళు వేగంగా ఉన్నారు. వేగం అనేది సరైన మాట కాదు. నేను ఒక పని చేద్దామనుకునే లోపే వీళ్ళు నేను ఏం చేయబోతున్నానో చూసేసి అక్కడికి వచ్చి నిలబడుతున్నారు.

షాట్లు పడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు.

రెండో జట్టులో నన్ను మార్వెట్ ఓక్స్ పక్కన వేశారు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. నేను ఏడో తరగతిలో ఉండగా ఆమెను టీవీలో చూశాను. ఇవాళ ఆమె నా మీదికి వచ్చింది, చొక్కా ఎత్తి పక్కటెముకలు చూపించింది. ఎర్రగా కమిలి ఉంది.

"ఇదేంటో తెలుసా పిల్లా?"

"దెబ్బక్కా."

"దెబ్బ కాదు. ఇది నీ మౌనం. నేను బంతి ఉన్నదాని మీద కాపలా కాస్తుంటే, అవతలి జట్టుది ఇంకొకతి వచ్చి నా పక్కన స్తంభంలా అడ్డు నిలబడుతుంది. నేను పోయి దాన్ని గుద్దుకునేలా చేయడమే దాని పని. నా వీపుకు కళ్ళు లేవు. నువ్వు నా వెనక ఉన్నావు, నీకు కనపడుతుంది. 'ఎడమ' అనో 'కుడి' అనో ఒక్క కేక వెయ్యాలి, నేను తప్పుకుంటాను. ఒక్క మాట! దానికి డిగ్రీ అక్కర్లేదు, నువ్వు సగంలో వదిలేసి వచ్చినా పర్లేదు."

అందరూ నవ్వారు. పళ్ళు రాలగొడదామనుకున్నాను. నోరు తెరిస్తే 'సరే అక్కా' అని వచ్చింది.

ఏప్రిల్ 29

తట్టలేదు.

ఏప్రిల్ 30

తట్టలేదు. మా అంతస్తులోనే చివరి గది వాళ్ళది తట్టారు. ఆ చప్పుడు వినపడింది. నేను దుప్పటి పళ్ళతో పట్టుకుని పడుకున్నాను.

ప్రాక్టీసులో కేక వేద్దామనుకుంటాను. కళ్ళకు కనపడుతుంది. కనపడినప్పటి నుంచి నోట్లోకి వచ్చేదాకా ఎంత దూరమో! తప్పు చెబితే? కుడి అని చెప్పాల్సిన చోట ఎడమ అంటే? అందరూ నా వైపు చూస్తే? గోడ దగ్గర ఆడినప్పుడు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ట్రెనీస్! నోరు!" అని కోచ్ అరుస్తుంది, గంటకోసారి. ఇక్కడి కోచ్ కూడా అదే మాట. అక్కడ టీ ఇచ్చి చెప్పారు, ఇక్కడ ఇవ్వరు.

మే 2

సెలవు. మార్వెట్ కారులో ఎక్కమంది. ఎక్కడికని అడగలేదు, భయం వేసింది. సూపర్ మార్కెట్‌కు తీసుకెళ్ళింది.

సామాన్ల బండి పట్టుకుని వెనక్కి తిరిగింది. వెనక్కే నడవడం మొదలుపెట్టింది, నా ముఖంలోకి చూస్తూ.

"నా వెనక ఏముందో నువ్వు చెబుతావు. చెప్పకపోతే గుద్దుతాను. గుద్దితే సామాను డబ్బు నువ్వే కడతావు."

"అక్కా, జనం చూస్తున్నారు."

"చూడనీ. పన్నెండు వేల మంది చూస్తారు రేపు."

మొదట సూపు డబ్బాల దొంతర. నేను చెప్పలేదు. గుద్దింది. డబ్బాలు దొర్లాయి. కుర్రాడెవడో పరిగెత్తుకొచ్చాడు. "ఇదిగో, ఈ పిల్ల మూగది బాబూ, ఏమనుకోకు" అంది వాడితో. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత చీజు ముక్కలు రుచి చూస్తున్న ఒక ముసలాయన.

"ఎడమ!" అన్నాను.

"వినపడలేదు."

"ఎడమ! తాతగారు! ఎడమ!"

చివరి క్షణంలో తప్పుకుంది. ముసలాయన చీజు నోట్లో పెట్టుకుని, "థాంక్స్ తల్లీ, బతికించావు" అన్నాడు. ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత కడదాకా కేకలు వేశాను. గుడ్లు, కుడి. చంటిపిల్లాడి బండి, ఎడమ. స్తంభం, వెనకే, వెనకే!

గొంతు ఉంది నాకు. ఉంది.

మే 5

తట్టారు.

నేను బాత్రూంలో ఉన్నాను. అసిస్టెంట్ కోచ్ గొంతు. 'ట్యాబ్ కూడా తీసుకుని రా.' ఎవరితో అంటుందో వినపడలేదు. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో నిలబడ్డాను. పిలిస్తే వినపడలేదని చెప్పొచ్చని.  

బయటికి వచ్చేసరికి హాలీ మంచం ఖాళీ. దాని షాంపూ సీసా కిటికీలో ఉండిపోయింది. అంత వాగే పిల్ల. కోర్టులో అందరికంటే గట్టిగా కేకలేసేది అదే. షాటు పడలేదు దానికి, అంతే.

నాకు మొదట వచ్చింది ఊపిరి. బాధ తర్వాత వచ్చింది. వరస అదే, దాచడం దేనికి.

మే 7

కాళ్ళకు టేపు చుట్టించుకుంటున్నాం, పక్కపక్క బల్లల మీద. మార్వెట్ వాతావరణం గురించి మాట్లాడినట్టు అంది:

"పదకొండు మంది ఖాయం. పన్నెండో చోటు నీదో నాదో. తెలుసుగా?"

"నీకెవరు చెప్పారు?"

"పన్నెండేళ్ళుగా ఇదే చూస్తున్నా. ఎవరూ చెప్పక్కర్లేదు. నీ కాళ్ళు కుర్రవి, నా బుర్ర పాతది. కోచ్ ఇంకా తేల్చుకోలేదు."

"మరి నాకెందుకు నేర్పుతున్నావక్కా?"

టేపు కత్తిరించే ఆవిడ కూడా ఆగింది వినడానికి.

"నువ్వు నా వెనక ఆడుతున్నావు కాబట్టి. నీ నోరు మూసుకుపోతే పడేది నేను."

మే 8

అమ్మ ఫోన్. లాండ్రీలో ఒక మనిషి మానేస్తోందట. "ఆ చోటు నీకోసం అడిగి ఉంచనా? ఊరికే. అవసరం పడితేనే" అంది.

నేను ప్రొఫెషనల్ ప్లేయర్ని. అరిచి ఫోన్ పెట్టేశాను. అమ్మ మీద అరవడానికి గొంతు బాగానే వస్తుంది.

మూడేళ్ళు చదివిన చదువుకు విలువ లేదు. ఒక ఏడాది వదిలేశాను కాబట్టి. వెనక తలుపు మూసేశారు. ముందు తలుపు ఎవరో తడతారు. ఆవిరి లేచే దుప్పట్ల మధ్య నేను కనపడుతున్నాను నాకు. అమ్మ పక్కన. అమ్మ వయసులో.

మే 9

తట్టలేదు.

మే 10

మార్వెట్ పడిపోయింది.

ప్రాక్టీసుకు అబ్బాయిల జట్టును పిలుస్తారు ఇక్కడ, గట్టిగా ఆడటం అలవాటు కావాలని. అందులో ఒక పొడుగోడు వచ్చి అడ్డు నిలబడ్డాడు. రూలు ప్రకారమే. అతని తప్పేం లేదు. మార్వెట్ చూసుకోకుండా పూర్తి వేగంతో వెళ్ళి అతన్ని గుద్దుకుంది. కాలు నేలకు ఆనే ఉంది, పైన మనిషి తిరిగిపోయింది. చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు గురించి రాయను.

నేను చూడలేదు. నేను బంతిని చూస్తున్నాను. బంతి అవతలి పక్క ఉంది. ఎవరైనా బంతినే చూస్తారు. అతను ఎడమ నుంచి ఎప్పుడు కదిలాడో నాకు తెలియదు. నెమ్మదిగానే వచ్చాడు. ఒక మేజోడు కిందికి జారిపోయి ఉంది, పరిగెత్తకుండా నడిచినట్టే వచ్చి, చేతులు గుండె మీద కట్టుకుని నిలబడ్డాడు. నేను చూడలేదు.

ఆమెను ఎత్తుకెళ్ళాక అతను తువాలు ముఖాన కప్పుకుని కూర్చున్నాడు. కోచ్ వచ్చి అతని వీపు తట్టింది. నా దగ్గరికి ఎవరూ రాలేదు. ఎందుకు వస్తారు, నాకేమైంది.

మే 11

పొద్దున వీడియో చూపించే గదికి వెళ్ళాం. రోజూ నిన్నటి ప్రాక్టీసు వేస్తారు, తప్పులు ఆపి ఆపి చూపిస్తారు. వెనక వరసలో కూర్చున్నాను. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి కోచ్ దాటించేసింది. "అది చూడక్కర్లేదు" అంది. ఎవరో ముక్కు చీదారు. నేను ఊపిరి వదిలాను.

నిన్న రాసింది సరిగ్గా లేదు. చూశాను. చూడటం వేరు, చెప్పగలగడం వేరు. చూశాను, కానీ గొంతు పెగల్లేదు. నాది మొదటి నుంచీ అదే జబ్బు. అందరికీ తెలుసు. కాలేజీ కోచ్ చెప్పింది, ఈ కోచ్ చెప్పింది, మార్వెట్ కూడా చెప్పింది. గొంతు పెగల్లేదు. అంతే.

మోకాలిలో తెగాల్సినవన్నీ తెగాయట. మూడో ఆపరేషన్. ఈ వయసులో.

మే 12

ఎవరూ తలుపు తట్టలేదు. కోచ్ కోర్టులోనే చెప్పింది, బూట్లు విప్పుకుంటుంటే. "ట్రెనీస్, ఉంటున్నావు. ఇల్లు వెతుక్కో."

అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. లాండ్రీలో అందరికీ చెప్పిందట, మెషిన్లు ఆపించి మరీ. "నా మాట వినకపోవడమే మంచిదైంది" అంది. అమ్మ నోట ఆ మాట రావడం నా జన్మలో మొదటిసారి. సంతోషంగా ఉంది.

సంతోషంగా ఉంది.

మే 13

గొంతు పెగల్లేదు. ఎవరికైనా అలా జరగొచ్చు.

మే 16

మొదటి ఆట. మూడో క్వార్టర్‌లో దింపారు. ఆరు పాయింట్లు.

అది కాదు సంగతి. కోర్టులో కాలు పెట్టిన దగ్గర్నుంచీ కేకలు. ఎడమ! కుడి! వెనకే ఉంది, తిరుగు! ఒక్కటి కూడా వదల్లేదు. అడ్డు రానివాటికి కూడా కేక వేశాను. ఆపుదామంటే ఆగలేదు. ఎవరైనా పడిపోతారని ప్రాణం కొట్టుకుంది. ఆట అయ్యాక కోచ్ నా మెడ పట్టుకుని ఊపింది. "ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావే?" అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెళ్ళి కక్కుకున్నాను.

ఫోన్ చూస్తే మార్వెట్ దగ్గర్నుంచి ఒక్క ముక్క. 'టీవీలో విన్నాను. ఇంటికి రా.'

మే 17

ప్రాక్టీసు ఉంది. వెళ్ళడం కుదరదు.

ప్రాక్టీసు పదకొండింటికే అయిపోయింది. అయినా కుదరలేదు.

మే 18

వెళ్ళాను.

మధ్యాహ్నం. మార్వెట్ వాళ్ళ అక్క తలుపు తీసింది, అలబామా నుంచి వచ్చి ఉంటోంది. పొయ్యి మీద బీన్స్ ఉడుకుతున్నాయి, ఇల్లంతా పొగబెట్టిన మాంసం వాసన. మార్వెట్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. తొడ నుంచి మడమ దాకా ఇనుప పట్టీలు వేసిన కాలు ఎదురు కుర్చీ మీద చాపి ఉంది. ఒడిలో ట్యాబ్. ఆమె ట్యాబ్ వాపస్ తీసుకోలేదు ఇంకా.

"కూర్చో. తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం. సరే, ఇటు చూడు."

వీడియో వేసింది. ఆ రోజుది. నేను తల పక్కకు తిప్పాను. "చూడవే" అంది, మెల్లగానే. "నన్ను చూడొద్దు. నేను పడటం నేను చాలాసార్లు చూశాను, అందులో కొత్తేం లేదు. నిన్ను చూడు. మూలకి."

వేలితో పెద్దది చేసింది. బొమ్మ మూలలో నేను. పొడుగోడు కదలడం మొదలుపెట్టాడు. నా తల అతని వైపు తిరిగింది. ఒక్క ముక్క తర్వాత ఒక్క ముక్క జరిపింది. నా నోరు తెరుచుకుంది. బాగా తెరుచుకుంది, పళ్ళు కనపడుతున్నాయి. ఇంకో ముక్క. ఇంకో ముక్క. నా నోరు మూసుకుంది. పెదవులు రెండూ ఒకదాని మీద ఒకటి గట్టిగా. పొడుగోడు ఇంకా వస్తూనే ఉన్నాడు.

బొమ్మ ఆపింది.

"భయపడితే నోరు తెరుచుకోదు. నాకు తెలుసు, నా మొదటి ఏడాది నేనూ మూగదాన్నే. నీది తెరుచుకుంది. మాట పెదాల దాకా వచ్చింది. అది భయం కాదు. తెరిచినదాన్ని మళ్ళీ మూసిందెవరు?"

గొంతు పెగల్లేదని చెబుదామని వచ్చాను. దారంతా బస్సులో అదే అనుకుంటూ వచ్చాను.

"నేనే" అన్నాను.

"ఎందుకు?"

"నువ్వు పడితే నేనుంటానని."

పొయ్యి దగ్గర వాళ్ళ అక్క గరిటె ఆగింది. తర్వాత ఆవిడ చేతులు తుడుచుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

"ఎంతసేపు ఆలోచించావు?"

"ఆలోచించలేదక్కా. నోరు తెరిచాను. మా అమ్మ పని చేసే చోటు కనపడింది. మూశాను."

 తిడుతుందని చూశాను. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె ట్యాబ్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"కోచ్‌కు చెప్పను. భయపడకు. చెప్పినా నా మోకాలు అతుక్కోదు. ఒక్క పని చేసి వెళ్ళు."

"ఏంటక్కా?"

"ఆ రోజు మింగావే, ఆ మాట. ఇప్పుడు కేక వెయ్యి."

"అక్కా, వద్దు."

"నేను అటు తిరుగుతాను. నిజంగా వాడు వస్తున్నట్టే వెయ్యి. ఊరికే అన్నావంటే ఒప్పుకోను."

కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. మెడ వెనక నరాలు, నెరిసిన వెంట్రుకలు కనపడ్డాయి. లేచి నిలబడ్డాను.  కోర్టులో లేని భయం, బాత్రూంలో నీళ్ళ చప్పుడులో నిలబడ్డప్పుడు కూడా లేని భయం. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు.

"వస్తున్నాడు" అంది ఆమె, కిటికీలోంచి చూస్తూనే.

"ఎడమ! మార్వెట్, ఎడమ!"

ఇల్లు అదిరింది. ఆమె భుజం కిందికి వాలింది, నడుం కుడి వైపుకు విసురుగా తిరిగింది, ఇనుప పట్టీల కాలు కుర్చీ మీద నుంచి దానంతటదే లేచి, జారి, నేలకు కొట్టుకుంది. ఆమె అరిచింది. వాళ్ళ అక్క పరిగెత్తుకొచ్చింది. నేను పట్టుకోబోతే మార్వెట్ చెయ్యి అడ్డం పెట్టింది. బల్ల అంచు పట్టుకుని, ముఖమంతా చెమటతో, ఊపిరి కోసం ఆగి ఆగి, నా వైపు చూడకుండా అంది:

"చూశావా? తప్పుకునేదాన్ని."